గంగరాజు తాత నూట యాభై ఏడో చావు

ముందుగా ఒక మాట చెప్పేస్తాను. మేడిశెట్టి గంగరాజు తాతని పదమూడు రోజుల్లో నూట యాభై ఆరుసార్లు చంపించిన మాట నిజమే. అందులో నా సొంత తెలివి మాత్రం రవ్వంత లేదు. అంతా నియమం ప్రకారం, స్టోర్ వారి రాతపూర్వకమైన సూచనల మేరకు, తాత మనస్ఫూర్తి అంగీకారంతో జరిగింది. కావలసినవాళ్ళకి మెయిళ్ళు చూపిస్తాను. నాది జిరాక్సు కొట్టే కాబట్టి కాపీలకి కూడా లోటు లేదు.

నా పేరు తాతపూడి నూకరాజు. సామర్లకోటలో రైలు గేటు పక్కన కొట్టు. గేటు పడినప్పుడు జనం ఆగుతారు, లేచినప్పుడు వెళ్ళిపోతారు, మధ్యలో ఆధార్ కార్డుల కాపీలు తీయించుకుంటారు. ఖాళీ వేళల్లో ఫోను యాప్‌లు తయారు చేయడం నేర్చుకున్నాను. మా ఆవిడ మంగతాయారు బట్టలు కుడుతుంది. జాకెట్టు కొలతలు మర్చిపోకుండా ఆవిడ పేరున ఒక యాప్ చేసిపెట్టాను. రెండు వందల మంది ఆడవాళ్ళు వాడుతున్నారు. ఒక్కళ్ళూ ఫిర్యాదు చేయలేదు. ఆ ధైర్యంతోనే రెండోదానికి దిగాను. దిగకుండా ఉండవలసింది.

గంగరాజు తాత మా కొట్టు వెనక గదిలో ఉండేవాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు. భార్య పోయింది, పిల్లలు లేరు. నలభై ఏళ్ళపాటు మా చుట్టుపక్కల ఎవరు పోయినా చుట్టాలకి కబురు మోసింది ఆయనే. సైకిలేసుకుని పిఠాపురం, జగ్గంపేట, ఏలేశ్వరం, ఎక్కడికైనా వెళ్ళేవాడు. ఆ పనికి ఆయన పెట్టుకున్న పద్ధతులు ఉన్నాయి. కబురు చెప్పేవాడు గడప దాటకూడదు. కూర్చోకూడదు. ముందు మనిషి పేరు, తరవాత సంగతి, అంతకు మించి ఉపోద్ఘాతం ఉండకూడదు. ఎంత ఎండలో వెళ్ళినా ఆ ఇంట మంచినీళ్ళు ముట్టకూడదు. నీళ్ళు తాగితే చుట్టమైపోతాం, చుట్టమైతే ఓదార్చాలి, ఓదారుస్తూ కూర్చుంటే తరవాతి ఇంటికి కబురు ఎప్పుడు అందుతుందని ఆయన లెక్క.

మోకాళ్ళు అరిగిపోయి తాత సైకిలు దిగిపోయాక ఊళ్ళో కబుర్లు ఫోను గ్రూపుల్లో పడ్డాయి. రెండు వందల శుభోదయాల మధ్యన ఒక చావు. మా మేనత్త పోయినప్పుడు వీడు చెప్పాడనుకుని వాడు, వాడు చెప్పాడనుకుని వీడు ఊరుకున్నారు. నాకు మూడోనాడు సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ చూస్తే తెలిసింది. ఎత్తుకుని పెంచిన మనిషి ముఖం ఆఖరిసారి చూడలేకపోయాను. ఆ కడుపుమంటలోంచి పుట్టింది నా యాప్. పేరు 'కబురు'.

యాప్‌కి బుర్ర నాది, పద్ధతి తాతది. ఎవరికి ముందు, ఎవరికి వెనక అన్న వరస ఇంటివాళ్ళు ముందే రాసిపెట్టుకుంటారు. మనిషి పోగానే ఒక్క మీట నొక్కితే చాలు. ఆ వరసలోనే ఫోన్లు వెళతాయి. ఫోను లేనివాళ్ళకి దగ్గరలో ఉన్న కొట్టుకి వెళుతుంది. మొదటివాళ్ళు విని 'తెలిసింది' అనేదాకా రెండోవాళ్ళకి వెళ్ళదు. చెప్పే గొంతు కూడా తాతదే. 'ఫలానా ఊరు, ఫలానా మనిషి కాలం చేశారు. ఎత్తే వేళకి రండి.' అంతే.

తన వరస రాయమన్నప్పుడు తాత చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు. చివరికి అన్నిటికంటే పైన ఒక్క పేరు రాశాడు. సూరమ్మ. గోకవరం అవతల కొండపాలెంలో ఉండే చెల్లెలు. ఇరవై రెండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళ అమ్మ పోయిన రోజున ఊరి పెద్దలు చెప్పిన వరసలో కబుర్లు మోసి మోసి, సొంత చెల్లెలి గుమ్మం దగ్గరికి ఈయన అందరికంటే ఆఖరున చేరాడు. ఆవిడ వచ్చేసరికి చితి ఆరిపోయింది. నలభై ఏళ్ళలో ఆయన చేసిన తప్పు అదొక్కటే. అది సొంత ఇంటి విషయంలోనే అయింది.

'అందరికీ నేనే చెప్పేను గదరా నూకరాజూ. నా కబురు మాత్రం మొట్టమొదట దానికెళ్ళాలి. ఎవరికైనా ఆ తరవాతే. ఈ ఒక్క పని చెయ్యి' అన్నాడు తాత. చేస్తానన్నాను, ఊళ్ళోవాళ్ళ పేర్లు ఆ కిందే ఎక్కించాను. మాటిచ్చేటప్పుడు మధ్యలో స్టోరొకటి ఉందన్న సంగతి నాకు తట్టలేదు.

యాప్ జనం ఫోన్లలోకి చేరాలంటే స్టోర్ వారి గుమ్మం దాటాలి. అక్కడ కూర్చుని మంచి యాప్‌లని లోపలికి వదిలి, చెడ్డవాటిని ఆపేవారిని విధాన పరిరక్షణ బృందం అంటారు. వీళ్ళు ఎంత జాగ్రత్తపరులంటే ఫోను గొట్టంలో ఊదితే రక్తపోటు చెప్పే యాప్‌ని వదిలారు. అరచెయ్యి ఫోటో తీస్తే పెళ్ళి తేదీ చెప్పే యాప్‌ని వదిలారు. 'కబురు' దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి మెలకువ వచ్చింది.

మొదటి మెయిలు మూడు రోజుల్లో వచ్చింది. 'ప్రియమైన డెవలపర్, మీ సృజనాత్మక ప్రయాణంలో భాగస్వాములైనందుకు మేము ఆనందిస్తున్నాము. మీ యాప్ తిరస్కరించబడినది. ఒక్కొక్క వ్యక్తి మీ యాప్ యొక్క ప్రధాన సేవను జీవితకాలంలో ఒక్కసారి మాత్రమే పొందగలుగుతున్నట్లు మా పరిశీలనలో తేలినది. పొందిన పిమ్మట వినియోగదారుడు యాప్‌కు తిరిగి రావడం లేదు. వినియోగదారుడు మళ్ళీ మళ్ళీ తిరిగి వచ్చే అనుభవాన్ని రూపొందించగలరు.'

చచ్చినవాడు మళ్ళీ మళ్ళీ తిరిగొస్తే దాన్ని మా ఊళ్ళో అనుభవం అనరు, వేపమండలు పట్టుకొస్తారు. ఆ ముక్కే కాస్త మర్యాదగా రాసి అప్పీలు పెట్టుకున్నాను. దాన్ని సానుభూతితో పరిశీలించి, మొదటి దోషాన్ని తాత్కాలికంగా మన్నించి, రెండో మెట్టు ఎక్కమన్నారు. నియమం పన్నెండు ప్రకారం పన్నెండుమంది టెస్టర్లు, పధ్నాలుగు రోజులు ఎడతెగకుండా, ప్రతిరోజూ యాప్ ప్రధాన సేవను వాడాలి. ఒక్కరు ఒక్కరోజు తప్పినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది.

టెస్టర్లకేం, దొరికారు. శ్మశానంలో కట్టెలు పేర్చే నలుగురు, డప్పు వాయించే ముగ్గురు, ఐసుపెట్టె అద్దెకిచ్చే ఆయన, దండలు కట్టే లోవరాజు, పాడె కట్టే ఇద్దరు. చావుల మీద బతికేవాళ్ళు పదకొండుమంది తేలారు. పన్నెండోవాడిగా గంగరాజు తాతే వచ్చాడు. వయసుకి గౌరవమిచ్చి ఆయన్ని టెస్టర్ నంబర్ వన్‌గా రాశాను. అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ప్రధాన సేవ అంటే చావు కబురు చెప్పడం. పన్నెండుమంది రోజూ చెప్పాలంటే రోజుకి పన్నెండు చావులు కావాలి. మా సామర్లకోట ఎంత కష్టపడినా వారానికి నాలుగైదుకి మించి ఇవ్వలేదు. ఉత్తుత్తి పేర్లు పెట్టి కానిద్దామంటే అదే నియమం కింద చిన్న అక్షరాల్లో ఉంది. 'కల్పిత వ్యక్తుల వివరాలు నిషిద్ధం. పేరు, చిరునామా, బంధువులు వాస్తవమై ఉండవలెను.'

అంటే నిజం మనిషే కావాలి, రోజూ పోవాలి. లోవరాజు వాళ్ళ అత్తగారి పేరు ఇవ్వడానికి ముందుకొచ్చాడు. ఆవిడ అంగీకార పత్రం తెమ్మన్నాను. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అప్పుడు తాత గొంతు సవరించుకుని, అంతమందిని చంపడం దేనికి, పన్నెండుమందీ తన పేరే చెప్పమన్నాడు. నలభై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ కబుర్లు చెప్పాడు కదా, తన కబురు ఎలా ఉంటుందో వినాలని ఉందన్నాడు.

ఊళ్ళో తాత వరసలో ఉన్నవాళ్ళందరినీ కొట్టు ముందు కూర్చోబెట్టి, పకోడీలు పెట్టి, ఇది పరీక్ష మాత్రమే, రెండు వారాలు ఓర్చుకోండి అని చెప్పాను. నవ్వుతూ ఒప్పుకున్నారు. కొండపాలెం సంగతి ఏం చేద్దామంటే తాత తాను చూసుకుంటానన్నాడు. నమ్మాను.

మొదటి రోజు ఉదయం ఎనిమిదింటికి టెస్టర్ నంబర్ వన్ తన చావుకి తానే మీట నొక్కాడు. మధ్యాహ్నం ఆయన ఎండురొయ్యల పులుసుతో అన్నం తింటూ ఉండగా గేటు అవతల బస్సు దిగి ఒక ముసలావిడ గుండెలు బాదుకుంటూ పరుగున వచ్చింది. చేతిలో మడత విప్పని కొత్త పంచె. అన్న మీద కప్పడానికి తెచ్చింది. తాత ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఇరవై రెండేళ్ళ తరవాత మొదటి చూపు అది. తాత చెల్లెలికి ముందుగా చెప్పలేదని అప్పటికి నాకు అర్థమైంది. వస్తుందో రాదో చూద్దామనుకున్నాడట. ఆ మాట ఆయన తల వంచుకుని చెప్పాడు.

'సచ్చేవంటే వచ్చేను. బతికున్నావని తెలిస్తే వచ్చేదాన్ని కాదు' అంది సూరమ్మ.

'ముందు నీకే చెప్పించేను సూరమ్మా. అందరికంటే ముందు.'

'నీ గొంతే ఇన్నాను. సచ్చి కూడా వీడి కబురు వీడే మోసుకుంటన్నాడని కొట్టుకాడే కూలబడిపోయేను.' ఆవిడ కళ్ళు తుడుచుకుంది. 'అమ్మ పోయినప్పుడు ఆలీసంగానైనా గుమ్మంలోకి మనిషివొచ్చేవు. ఇప్పుడు ఫోన్లోంచి చెప్పిస్తన్నావు. ఇంక ఆ ఫోను మాట నేను నమ్మను. మనిషొచ్చి చెప్తేనే వత్తాను.'

మంగతాయారు అన్నం పెడతానంది. ఆవిడ తినలేదు. తెచ్చిన పంచె తిరిగి చంకలో పెట్టుకుని, ఇది నా దగ్గరే ఉంటాది అని, తరవాతి బస్సుకి వెళ్ళిపోయింది. తాత ఆ పూట మిగిలిన అన్నం ముట్టలేదు. అయినా సాయంత్రం నాతో, 'వచ్చింది చూసేవా' అన్నాడు. ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

తెల్లారి సూరమ్మ నంబరు వరసలోంచి తీసేద్దామని కూర్చున్నాను. స్టోర్ వారు ఒప్పుకోలేదు. పరీక్ష నడుమ జాబితా మారిస్తే పధ్నాలుగు రోజులూ మొదటికి వస్తాయట. అందుచేత కొండపాలెం కిరాణా కొట్టుకి రోజుకి పన్నెండుసార్లు గంగరాజు తాత గొంతు గంగరాజు తాత చావు చెబుతూ వచ్చింది. కొట్టాయన మొదట్లో 'తెలిసింది' అనేవాడు. తరవాత తరవాత తెలిసింది అంటూనే నన్ను ఇంకా కొన్ని మాటలు అనేవాడు.

మూడోరోజున స్టోర్ నుంచి నాణ్యత ప్రశ్నావళి వచ్చింది. టెస్టర్ నంబర్ వన్ స్వయంగా నింపాలి. ఈ మరణం మీ అంచనాలకు అనుగుణంగా ఉన్నదా? ఈ మరణాన్ని మీ మిత్రులకు, కుటుంబ సభ్యులకు సిఫారసు చేస్తారా? తాత శ్రద్ధగా చదివించుకుని అయిదు చుక్కలకి మూడు వేయించాడు. కారణమేమిటని అడిగిన గడిలో ఏడ్చినవాళ్ళు తక్కువ అని రాయించాడు. రెండు గంటల్లో జవాబు. 'ఏడుపు విభాగంలో మెరుగుదలకు అవకాశం ఉన్నదని గుర్తించినందుకు ధన్యవాదములు. తదుపరి రూపంలో డెవలపర్ దీనిని సరిచేయవలెను.'

ఆరోరోజున హెచ్చరిక వచ్చింది. ఒకే వ్యక్తి ఒకే విధంగా మరణించడం పునరుక్తి కిందికి వస్తుందట. వైవిధ్యం చూపకపోతే నా ఖాతా శాశ్వతంగా మూసేస్తారట. నాదొక్కటే కాదు. నాతో ఒకే ఇంట్లో, ఒకే కప్పు కింద ఉన్నవారి ఖాతాలు కూడా సంబంధిత ఖాతాలుగా పరిగణించి మూసేస్తారట. అంటే మంగతాయారు జాకెట్ల యాప్ కూడా పోతుంది. నా యాప్‌లో తాత చస్తే ఆవిడ యాప్‌లో చేతికొలతలు ఏం పాపం చేశాయో నాకు తెలియలేదు. అడిగితే, భద్రతా కారణాల రీత్యా కారణాలు వెల్లడించలేమన్నారు.

ఇక చేసేదేముంది, తాతకి రోజుకో రకం చావు వెతకడం మొదలుపెట్టాం. ఆదివారం తాడిచెట్టు మీంచి పడ్డాడు. సోమవారం పాము కరిచింది. మంగళవారం గోదావరి కాలవలో కొట్టుకుపోయాడు. తాత అనుభవజ్ఞుడు కాబట్టి ఏ చావుకి ఏ మాట వాడాలో ఆయనే దిద్దేవాడు. ఊళ్ళోవాళ్ళు పొద్దున్నే పాలకోసం వెళుతూ కొట్టు దగ్గర ఆగి, ఇవాళ దేనితో అండీ అని అడిగి వెళ్ళేవారు. తరవాత అడగడం కూడా మానేశారు. ఫోను మోగితే చూడకుండానే కట్ చేసేవారు. లోవరాజు ఒక్కడే రోజూ సాయంత్రం అమ్ముడుపోని దండ తెచ్చి తాత మంచానికి తగిలించి పోయేవాడు.

మంగతాయారుకి కడుపు మండిపోయింది. 'నోటెంట ఏ మాటంటే అది తథాస్తనడానికి పైన దేవతలుంటారు. పాపం, ఆ పెద్దాయన్ని రోజుకి డజను సార్లు సంపుతున్నారు. మీకు బుద్ధుందా' అంది. బుద్ధి ఉంది, నియమం కూడా ఉంది అన్నాను. నియమాన్ని తీసుకెళ్ళి గేటు కింద పెట్టమంది.

పదో రోజున విషయం పై అధికారి దాకా వెళ్ళింది. డెవలపర్ విజయ భాగస్వామ్య ప్రాంతీయ సారథి నిఖిలేశ్ గారు వీడియోలో కనబడ్డారు. వెనకాల గోడ మీద ఏదో మొక్క బొమ్మ. ఆయన మాట ఎంత మెత్తగా ఉందంటే తిరస్కరిస్తున్నాడో దీవిస్తున్నాడో పోల్చుకోవడం కష్టం. మీ అభిరుచిని మేము గౌరవిస్తాము, మీ కథ మాకు స్ఫూర్తి అన్నారు. ఆ తరవాత టెస్టర్ నంబర్ వన్ విషయంలో స్పష్టత కావాలన్నారు.

'ఆయన మరణించినట్టు మా వ్యవస్థలో నూట పద్దెనిమిది నమోదులు ఉన్నాయండి. ఆయన మరణించారా?'

నా పక్కనే ముక్కాలిపీట మీద కూర్చున్న తాత ముందుకు వంగి, 'ఇక్కడే ఉన్నానండి, ఆయ్' అన్నాడు.

'అలా అయితే ఆ సమాచారం అవాస్తవం అవుతుంది సర్. అవాస్తవ సమాచారం తీవ్ర ఉల్లంఘన.'

'పోనీ, నిజంగానే పోతే సరిపోద్దాండి?' తాత నిజాయితీగా అడిగాడు.

నిఖిలేశ్ గారు ఏదో కాగితం తిరగేశారు. 'అప్పుడు మీరు నిష్క్రియ టెస్టర్ అవుతారు సర్. నిష్క్రియత కూడా ఉల్లంఘనే. టెస్టర్ మరణించి ఉండాలి, అదే సమయంలో చురుకుగా పాల్గొంటూ ఉండాలి. ఈ సమతుల్యత సాధించడంలో మీకు సహకరించడానికే నేను ఉన్నాను.'

సహకారం ఏమిటంటే, మిగిలిన రోజులన్నీ రెండేసి ఆధారాలు జతపరచాలి. బతికి ఉన్నందుకు ఆనాటి పేపరు పట్టుకున్న ఫోటో. పోయినందుకు 'నేను ఈ దినమున సూత్రప్రాయముగా మరణించితిని' అని రాసి వేలిముద్ర. సూత్రప్రాయ మరణానికి విధానంలో వెసులుబాటు ఉందని, దాన్ని తానే ప్రత్యేకంగా సాధించి పెట్టానని సారథిగారు కాస్త గర్వంగా చెప్పారు. తాత ఆయనకి దణ్ణం పెట్టాడు. మంచి కుర్రాడురా, చదువుకున్నోడు అన్నాడు. నేను వీడియో ఆపేశాను. ఇంకాసేపుంటే నా నోట్లోంచి వచ్చేది జిరాక్సు తీయడానికి కూడా పనికిరాదు.

అలా పదకొండు, పన్నెండు, పదమూడు గడిచాయి. తాత పొద్దున్నే పేపరు పట్టుకుని ఫోటో దిగి, వేలు ఇంకులో ముంచి, మీట నొక్కేవాడు. మొత్తం నూట యాభై ఆరు అయ్యాయి. పదమూడో రోజు సాయంత్రం టీ తాగుతూ, రేపొక్కరోజు కానిచ్చేస్తే ఇంక నిజంగా పోయినప్పుడు సూరమ్మకి ముందే తెలుస్తుంది గదా అని అడిగాడు. తెలుస్తుంది తాతా అన్నాను. అప్పటికే ఆ కొండపాలెం కొట్టాయన యాప్ నంబరుని బ్లాకు చేసేశాడని నాకు తెలుసు. చెప్పలేకపోయాను. ఇప్పటికీ అదే నన్ను కాల్చుకు తింటోంది.

పధ్నాలుగో రోజు ఉదయం ఏడింటికి ఫోటోకని పేపరు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను. తాత మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. లేపాను. లేవలేదు. ఒళ్ళు చల్లబడిపోయింది. బొటనవేలికి నిన్నటి ఇంకు అలాగే ఉంది.

నాకు ఏడుపు వచ్చింది, గట్టిగానే ఏడ్చాను. మంగతాయారు పరుగెత్తుకొచ్చి చూసి తల దగ్గర దీపం పెట్టింది. తేరుకున్నాక ఫోను తీసి మీట నొక్కాను. 'కబురు' తన పని తాను తప్పు లేకుండా చేసింది. మొదటి పేరు సూరమ్మ. అవతల కొట్టు ఫోను కలవలేదు. మళ్ళీ చేసింది, కలవలేదు. మొదటివాళ్ళకి తెలిసేదాకా రెండోవాళ్ళకి వెళ్ళకూడదన్న తాత పద్ధతి ప్రకారం అక్కడే ఆగిపోయింది. నా సొంత నంబరు నుంచి కొట్టాయనకి ఫోను చేశాను. ఎత్తాడు. సంగతి చెప్పాను. ఇవాళ దేంతో పోయాడయ్యా, పిడుగుతోనా అని పెట్టేశాడు.

మంగతాయారుని తాత దగ్గర కూర్చోబెట్టి, ఎవరికీ చెప్పొద్దని తలుపు దగ్గరికి వేసి, టి.వి.ఎస్. తీశాను. పెద్దాపురం, జగ్గంపేట, గోకవరం, అక్కడినించి రాళ్ళ దారి. ఎండ మండిపోతోంది. దారిలో నాలుగు చోట్ల చలివేంద్రాలు కనబడ్డాయి. ఆగాలనిపించలేదు.

సూరమ్మ ఇంటి అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. నన్ను చూసి చేతులు దులుపుకుంది. చెమటతో తడిసిపోయిన నా వాలకం చూసి జాలి పడిందో ఏమో, లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చింది.

'మళ్ళీ పంపించేడా? ఎన్నోసారి?' అంది చెంబు అందిస్తూ.

నా గొంతు పిడచకట్టుకుపోయి ఉంది. చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాను. గడప బయట, అరుగు కింద ఎండలోనే నిలబడ్డాను. చెంబు ఆవిడ చేతిలోనే ఉంది. నా చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాను.

'గంగరాజు తాత. పొద్దున కాలం చేశాడు' అన్నాను.

ఆవిడ నా ముఖం చూడలేదు. చెంబు చూసింది, నా చేతులు చూసింది. ఇంకోసారి చెంబు ముందుకి చాచింది. నేను తల అడ్డంగా ఊపాను. నలభై ఏళ్ళు తన అన్న ఎన్ని గుమ్మాల ముందు ఇలా నిలబడ్డాడో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. చెంబు మెల్లిగా గడప మీద పెట్టింది. అప్పుడు వచ్చింది ఏడుపు. తాత తక్కువైందని రాయించిన ఏడుపంతా అక్కడ ఉంది.

కాసేపటికి, 'ఇంకెవరికి చెప్పేవు' అని అడిగింది.

'ఎవరికీ చెప్పలేదండి. ముందు మీకే.'

లోపలికెళ్ళి ట్రంకు పెట్టెలోంచి ఆ పంచె తీసుకుని, నా వెనక బండెక్కింది.

సాయంత్రం నాలుగింటికి ఎత్తాం. పాడె కట్టింది టెస్టర్లే, డప్పు వాయించింది టెస్టర్లే. లోవరాజు తెచ్చిన దండ ఆ రోజు తాజాది. తాత మీద కొత్త పంచె చెల్లెలు తన చేతులతో కప్పింది. ఊరంతా వచ్చింది. చాలామంది దగ్గరికొచ్చి ముఖం చూస్తేగానీ నమ్మలేదు.

మర్నాడు మెయిలు. 'ప్రియమైన డెవలపర్, టెస్టర్ నంబర్ వన్ పధ్నాలుగవ దినమున యాప్‌ను వినియోగించలేదు. ఆనాటి ఫోటో, వేలిముద్ర అందలేదు. కావున పరీక్షా కాలం మొదటి దినము నుండి పునఃప్రారంభించబడినది. నిష్క్రియతకు గల కారణమును సదరు టెస్టర్ స్వయంగా తెలియజేసినచో సానుభూతితో పరిశీలించగలము.'

ముందు పేరు, తరవాత సంగతి. ఒక్క వాక్యమే రాశాను. మేడిశెట్టి గంగరాజు నిన్న పొద్దున కాలం చేశారు.

జవాబు నిఖిలేశ్ గారి సంతకంతో వచ్చింది. 'మీ భావోద్వేగాన్ని మేము అర్థం చేసుకోగలము. అయితే వినియోగదారుల భద్రత దృష్ట్యా, మరణ సమాచారమును ఆమోదిత యాప్ ద్వారా అందినప్పుడు మాత్రమే స్వీకరించెదము. ఆ వర్గంలో ప్రస్తుతం ఆమోదిత యాప్ ఏదియు లేదు. అంతవరకు టెస్టర్ నంబర్ వన్‌ను చురుకైన వినియోగదారుగానే పరిగణించెదము.'

కాబట్టి స్టోర్ వారి రికార్డుల్లో గంగరాజు తాత ఇప్పటికీ బతికే ఉన్నాడు. ఎప్పుడైనా పేపరు పట్టుకుని ఫోటో దిగుతాడని వాళ్ళు ఎదురు చూస్తున్నారు. మూడుసార్లు గుర్తుచేశారు కూడా. పాపం, చదువుకున్నోళ్ళు.

నేను 'కబురు' వెనక్కి తీసేసుకున్నాను. టి.వి.ఎస్.కి కొత్త టైర్లు వేయించాను. మా ఊళ్ళో ఎవరైనా పోతే వరస కాగితం నా కొట్టుకి తెచ్చిస్తున్నారు. కొట్టు మంగతాయారుకి అప్పజెప్పి బయలుదేరుతున్నాను. గడప బయటే నిలబడతాను. నీళ్ళు ఇంటికొచ్చి తాగుతాను.